కొన్న ముఖం

ఆ రాజ్యంలో ఏ చావడి గోడ మీద చూసినా చేపలమ్మే నూకాలమ్మ బొమ్మే. పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది. కింద ‘మంత్రిగారి చలవతో మా ఊరికి ఏ లోటూ లేదు’ అని రాసుంది.

నూకాలమ్మ మండిపడుతూ రాజసభకొచ్చి మంత్రిని నిలదీసింది.

“తమరి భటుడు బురదలో జారిపడితే నవ్వాను, ఎవడో అది చూసి బొమ్మ గీశాడు. ఆ నవ్వు కింద ఈ రాతేంటి? నన్నడిగారా?”

“నిన్నెందుకడగాలి?” అన్నాడు మంత్రి. “బొమ్మల కొట్లో హక్కులతో సహా కొన్నాను. ఇక ఆ ముఖం నాది.”

“ముఖం తమరిదైతే నోరూ తమరిదేగా!” అంటూ ఆమె రాజువైపు తిరిగింది. “మారాజా, మా ఊరి మంచినీళ్ల బావిని నేను నా తోటలో కలిపేసుకున్నాను. చెబుతున్నది మంత్రిగారి నోరే!”

రాజు కళ్లెర్రజేసి మంత్రిని చూశాడు.

“నోర్ముయ్!” అని మంత్రి ఆమె మీద అరిచాడు.

“తమరిదేగా, తమరే మూసుకోండి!”