అన్నం వచ్చె, పులుసు పోయె

అనగనగా ఏటికి ఇవతల పట్నమూ, అవతల లంకలూ ఉన్న ఒక రాజ్యాన్ని ఉద్దండవర్మ ఏలేవాడు. తనంతటివాడు లేడని ఆయన నమ్మకం. కాదన్నవాడికి గుండు కొట్టించేవాడు.

ఆయన పెద్దల్లుడు రంగరాజుకు లంకల పడవలు, చిన్నల్లుడు కొండలరాజుకు రేవు నుంచి పట్నానికి పోయే ఎడ్లబళ్లు అప్పగించాడు. తోడల్లుళ్ల సంగతి వేరే చెప్పాలా? ఒకడి విస్తట్లో అరిసె పెద్దదైతే రెండోవాడికి నిద్రపట్టదు. పొద్దున పడవ ఏటి నడుమ కనబడగానే చిన్నల్లుడు బళ్లు తోలించేసేవాడు. పడవ దిగినవాళ్లు తన బండెక్కితే పేరు తోడల్లుడికి వస్తుందని ఏడుపు. సాయంత్రం బళ్ల దుమ్ము లేవగానే పెద్దల్లుడు పడవ విప్పించేవాడు. వీళ్ల కుళ్లుకు మధ్యన జనం చచ్చేవారు.

లంక నుంచి పట్నానికి పాలు తెచ్చి అమ్ముకునే చెల్లమ్మ ఒకనాడు కాలినడకన పట్నం చేరి, ఆస్థాన హాస్యగాడు సింగన్న ఇంటిముందు కూలబడింది.

"ఇయాళా పాలు విరిగిపోయాయి బాబయ్యా. బండి మళ్లీ ఎప్పుడంటే రేపంటారు. ఇక గేదెను అమ్ముకోవడమే. అది పోతే పిల్లలకి గంజి కూడా ఉండదు."

సింగన్న ఆ మాట సభలో ఎత్తాడు. రాజుకు ఒళ్లు మండింది.

"నా అల్లుళ్ల ఏర్పాటుకు వంక పెడతావా? మన పడవలూ బళ్లూ చూసి పక్కరాజు కుళ్లి చస్తున్నాడు. రేపు నీకు గుండు."

"చిత్తం ప్రభూ. జుట్టున్నప్పుడే మీకు ఒక్కపూట వడ్డన చూసుకోనివ్వండి."

రాజు సరేనన్నాడు.

ఆ మధ్యాహ్నం రాజు, అటూ ఇటూ అల్లుళ్లు పంక్తిలో కూర్చున్నారు. రాజు మొదటి ముద్ద తినేదాకా ఎవరూ విస్తరి ముట్టకూడదని ఆ కోట ఆచారం. వేడివేడి అన్నం వచ్చింది. అన్నం గంప గుమ్మంలో కనబడగానే, పులుసు గిన్నె పట్టుకుని నిలబడ్డవాడు పక్క తలుపులోంచి వెళ్లిపోయాడు.

రాజు చెయ్యి అన్నంలో పెట్టి చూస్తున్నాడు. అల్లుళ్ల కడుపులు మాడుతున్నాయి.

"పులుసేదిరా?"

"వెళ్లిపోయింది ప్రభూ," అన్నాడు సింగన్న.

"మళ్లీ ఎప్పుడొస్తుంది?"

"రేపు."

"అన్నం ఇక్కడుంటే పులుసు ఎట్లా పోతుందిరా? బుద్ధుందా?"

"అన్నం పెద్దల్లుడుగారి పడవ ప్రభూ. పులుసు చిన్నల్లుడుగారి బండి. మీకు ఒక్కపూటే. లంకల్లో చెల్లమ్మకు రోజూ ఇదే వడ్డన."

ఆమె పాల సంగతీ, గేదె సంగతీ సింగన్న మళ్లీ చెప్పాడు. రాజు ఎండు మెతుకుల వంక చూశాడు. అల్లుళ్లు తలలు దించుకోవడం చూశాడు. చూసి చూసి పకపకా నవ్వాడు.

"వీళ్ల అసూయ ఎట్లా మాన్పించాలిరా సింగన్నా?"

"అది మన తరం కాదు ప్రభూ. ఆకలి పుట్టించడమైతే మన చేతిలో పనే."

రాజు అక్కడికక్కడే ఆజ్ఞ వేశాడు. రేవులో ఒక్క మనిషి మిగిలిపోయినా, ఆ పూట ఒక అల్లుడికి ఉత్త అన్నం, రెండోవాడికి ఉత్త పులుసు.

మర్నాడు పడవ ఒడ్డు చేరేదాకా బళ్లు కదల్లేదు. చెల్లమ్మ పాలు పట్నం చేరి కోటలో పాయసమయ్యాయి. రాజు గుండు మాట మరిచి, తన జరీ శాలువా తీసి సింగన్న భుజాన కప్పాడు. పెళ్లిళ్లయిన ఇన్నేళ్లకు తోడల్లుళ్లిద్దరూ మొదటిసారి ఒకేవైపు చూశారు, ఆ శాలువా వైపు.