కిరీటం దాకా వచ్చిన కీడు

మణిగిరి రాజు కేతభూపతికి ఒకనాడు పల్లకీ దిగి నడవాలని బుద్ధి పుట్టింది. రాజులకు నడక అచ్చిరాదు. గాజుల వీధి వెనక నాలుగడుగులు వేశాడో లేదో, అరికాల్లో గాజుపెంకు దిగింది.

అక్కడ పగిలిన గాజులు గుట్టలా పడి ఉన్నాయి. తాతల నాటి గుట్ట.

"పున్నమికల్లా ఇది మాయమవాలి!" అని చుట్టూ మూగిన గాజులవాళ్లను చూసి ఒంటికాలి మీదే గర్జించాడు రాజు. "ఏట్లో పోయకూడదు, నేలలో పాతకూడదు, పక్క ఊరికి తోలకూడదు. చేతకాకపోతే బట్టీలు ఆర్పేసి వీధంతా ఊరొదిలి పొండి!"

ఈ కథ చెబుతున్న నేను బడి మొహం చూసినవాణ్ణి కాదు. మా ఊరి కొట్టు శెట్టి నూనెలో వేపిన శనగలు కట్టిచ్చిన కాగితాలు చదివి ఇంతవాణ్ణయ్యాను. కాబట్టి ఈ కథలో ఎక్కడైనా నూనె మరక కనిపిస్తే నాది. తెలివి కనిపిస్తే మాత్రం మంచెమ్మది. ఈ మంచెమ్మ రాజుగారిని చంకనేసుకుని పెంచిన మనిషి, ఇప్పుడు సభలో ఆయనకు తాంబూలం అందిస్తోంది.

మర్నాడు గాజులవాళ్ల పెద్ద ముత్తిసెట్టి సభలో చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"ఏలినవారు మన్నించాలి. పగిలిన గాజుని మళ్లీ బట్టీలో వేస్తే కరుగుతుంది. ఇసుకా కలిసొస్తుంది, కట్టెలూ కలిసొస్తాయి. ఊళ్లమ్మట గాజులమ్మే మావాళ్లు నిండు బుట్టతో పోయి ఖాళీ బుట్టతో తిరిగొస్తారు. ఆ బుట్టలోనే ఇళ్లలో పగిలినవన్నీ ఏరుకొస్తే, ఇక గుట్టనేదే ఉండదు."

"మరి ఇన్నాళ్లూ నిద్రపోయారటయ్యా?"

"పగిలిన గాజుతో చేసిందంటే ఏ ఆడకూతురు చెయ్యి చాపుతుంది ప్రభూ? కీడంటారు."

"అనడమేమిటి, కీడే!" అంటూ లేచాడు దేచన మంత్రి.

ఈయన ఎడమకాలికి గండపెండేరం ఉంది, పాండిత్యానికి మెచ్చి రాజుగారి తండ్రి, పెద్ద ప్రభువు, తొడిగినది. అది నలుగురికీ కనిపించాలని, బురదున్నా లేకపోయినా పంచె జానెడు పైకెత్తి నడిచేవాడు. గాజుల వీధి ఖాళీ అయితే అక్కడ పూలతోట వేసుకోవాలని ఆయనకు ఎప్పట్నించో కన్ను.

"పాతదో పగిలిందో కరిగించి చేసిన వస్తువు అరిష్టం. ఇంట్లో ఉంచుకోనే కూడదు!"

మంచెమ్మ ఆకుకి సున్నం రాస్తూ అడిగింది.

"గాజులకేనా మంత్రిగారూ, అన్నిటికీనా?"

"నా మాటకి మినహాయింపులుండవు. అన్నిటికీ!"

"ఆహా! ఇంత గొప్ప మాట ఈ నాలుగు గోడల మధ్యే ఉండిపోతే ఎలా? చాటింపు వేయించండి. కోటలో సంగతి నేను చూసుకుంటాను."

మంత్రి ఉబ్బిపోయి రాజు వంక చూశాడు. వైద్యుడు అప్పుడే కాలికి కట్టు విప్పుతున్నాడేమో, రాజు "అబ్బా! సరే, సరే!" అన్నాడు. ఆ "సరే" ఎవరికో అడగడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. సాయంత్రానికి ఊరంతా దండోరా మోగింది.

తెల్లారి రాజు మంచినీళ్లడిగితే ఆకుదొప్పలో వచ్చాయి.

"వెండి చెంబేదిరా?"

"పాత వెండి కరిగించి చేసిందట ప్రభూ. బయట పెట్టేశాం."

ఫలహారం విస్తట్లో వచ్చింది. ద్వారం దగ్గర భటులు కందికట్టెలు పట్టుకుని వందనం చేశారు. ఈటెల ములుకులన్నీ పాత ఇనుమేనట. సభ మొదలవ్వాలంటే గంట మోగాలి కదా! గంట కూడా పోయింది. దాని చోట ఓ బక్క భటుడు నిలబడి, గొంతు చించుకుని "ఠంగ్! ఠంగ్!" అంటున్నాడు.

రాజు పళ్లు నూరుతూ సింహాసనం ఎక్కాడు. మంచెమ్మ పట్టుగుడ్డ పరిచిన పళ్లెం పట్టుకుని ఎదురుగా వచ్చింది. వెదురు పళ్లెం.

"ఇక మిగిలింది ఇదొక్కటే. కాస్త తలొంచు నాయనా."

"దేనికి?"

"కిరీటానికి. మీ తాతగారు ఓడిన రాజుల కిరీటాలన్నీ కరిగించి చేయించిందేగా ఇది! అంత కీడు నెత్తిన పెట్టుకుని కూర్చుంటే, పెంచినదాన్ని, నేనెలా చూస్తాను?"

రాజు మొహం కందగడ్డయింది.

"దేచనా!"

మంత్రి రెండడుగులు వెనక్కి వేశాడు. "ప్రభూ... బంగారం మాట వేరు... కిరీటం జోలికి నేను..."

మంచెమ్మ ఆయన కాలి వంక చూసి జాలిగా నిట్టూర్చింది.

"పోనీలెండి. మీ పెండేరమైనా కొత్త బంగారమేగా? మీ అంతటి పండితుడికి పాత తుక్కు కరిగించి తొడిగుంటారా ఎవరైనా?"

"తుక్కా!" మంత్రికి ఒళ్లు మండింది. పంచె మోకాలి దాకా ఎత్తాడు. "శత్రు సేనాపతి చేతి కడియం విరగ్గొట్టి తెచ్చి, కరిగించి, పెద్ద ప్రభువు తన చేత్తో తొడిగారు! ఇంతటి శుభప్రదమైన ఆభరణం ఈ రాజ్యంలోనే..."

నోరు అక్కడ ఆగింది. పంచె మాత్రం ఇంకా మోకాలి దగ్గరే ఉంది.

మంచెమ్మ, సభ చివర నిలబడ్డ ముత్తిసెట్టి వైపు తిరిగింది.

"ముత్తిసెట్టీ, బట్టీ రాజెయ్యి. విరిగింది కరిగిస్తే శుభమని మంత్రిగారే సెలవిచ్చారు!"

ముందు నవ్వింది తెర వెనక రాణి. "మొదటి జత నా చేతికి!" అని ముంజేయి తెర బయటికి చాపింది. ఇక రాణి తొడుక్కున్నాక కాదనే ఆడకూతురు రాజ్యంలో ఎవరు? ముత్తిసెట్టి ఆ చేతికి దణ్ణం పెట్టి, నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాడు.

రాజు నవ్వి నవ్వి కాలినొప్పి మరిచి నేలను తన్నాడు. మళ్లీ "అబ్బా!" అని, మళ్లీ నవ్వాడు.

"ఆ వీధి ఇక మీ గాజులవాళ్లదే సెట్టీ! దేచనా, ఆ గుట్ట బట్టీలకు మోయించే పని నీది. దగ్గరుండి చూసుకో. పంచె ఎత్తే నడువు, పెంకులుంటాయి!"

తరవాత తన చేతి కడియం తీసి మంచెమ్మకిచ్చాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కొత్త బంగారమా నాయనా?"

"కాదే. మా నాయనమ్మ వడ్డాణం కరిగించి చేయించింది."

"హమ్మయ్య!" అని కళ్లకద్దుకుని తొడుక్కుంది మంచెమ్మ.