బాతుకి బంగారు పాదం

ఏటిగడ్డ రాజ్యంలో నా అంత గొప్ప ఉద్యోగి ఇంకొకడు లేడు. రోజూ కొలువులోకి రాజుగారి కన్నా ముందు అడుగు పెట్టేది నేనే. నడుం వంచి, చేత్తో చీపురు పట్టుకుని, బాతు వేసిన రెట్ట ఊడ్చుకుంటూ.

బాతు అన్నానా? తప్పు. మా మదనభూపతి మహారాజు దాన్ని హంస అని ఆజ్ఞాపించారు. అప్పటి నుంచి అది హంసే. 'బాకు బాకు'మని అరిచినప్పుడల్లా ఆస్థాన కవులు "ఆహా, ఏమి కలస్వనం!" అని తలలూపేవారు. కొలను నుంచి సింహాసనం దాకా గరుకు రాళ్ళ బాట వేయించి, దాని మీద రోజుకి నాలుగుసార్లు హంసనడక చూసి మురిసిపోయేవారు రాజుగారు.

ఒక ఉదయం మా హంస మూడడుగులు వేసి కుంటింది. ఎత్తి చూశాను. పాదం కింద మిరియపు గింజంత నల్లటి పొక్కు. చుట్టూ ఎర్రగా వాపు, ముట్టుకుంటే వేడి.

"ప్రభూ, ఆ రాళ్ళే దీని కొంప ముంచాయి" అన్నాను.

"ఒరే సింగన్నా, రెట్ట ఊడ్చేవాడివి నువ్వు కూడా వైద్యం చెప్పడమేనా!" అంటూ లేచారు వైద్యచూడామణి గరుడాచార్యులు. ఈయన పదిహేనేళ్ళుగా పల్లకీ దిగి నడిచిన పాపాన పోలేదు. నాడి కూడా పల్లకీలోంచే చూస్తారు. "ఇది గ్రహదోషం దేవరా. మూడు రోజులు ముత్యాల భస్మం తినిపిస్తాను. నడక మాత్రం ఆపకూడదు, ఆపితే దోషం మోకాలికి ఎక్కుతుంది. అప్పటికీ తగ్గకపోతే..."

"తగ్గకపోతే?"

"పాదం తీసేసి, బంగారు పాదం పెట్టిద్దాం!"

రాజుగారి కళ్ళు మెరిశాయి. బంగారం అనేసరికి జబ్బు కూడా వేడుకలా కనిపించింది ఆయనకి. కంసాలికి కబురు వెళ్ళిపోయింది. నా చంకలో ఉన్న పిచ్చిది, తన కాలి సంగతే మాట్లాడుతున్నారని తెలియక, నా చొక్కా గుండీ పీకుతూ కూర్చుంది.

నాకు గుండె జారింది. అయినా నోరు జారనివ్వలేదు.

"ఆచార్యుల వారి భస్మం ఎంత గొప్పదో మాకు తెలుసు ప్రభూ, లోకానికెలా తెలుస్తుంది? వారు కూడా అదే భస్మం మింగి, హంసతో పాటు అదే బాట మీద వట్టి కాళ్ళతో మూడు రోజులు నడిస్తేనో?"

"భలే!" అన్నారు రాజుగారు.

కాదంటే భస్మం పరువు పోతుంది. అవునంటే కాళ్ళు పోతాయి. ఆచార్యుల వారు పరువే కావాలనుకున్నారు.

మొదటి రోజు చేతులూపుకుంటూ నడిచారు. రెండో రోజు సాయంత్రానికి, వెనక నుంచి చూస్తే ఇద్దరిలో హంస ఎవరో పోల్చుకోవడం కష్టమైంది. మూడో రోజు అసలు రానేలేదు. హంస క్షేమం కోసం తపస్సులో ఉన్నామని కబురు పంపారు.

"మన హంస కోసం తపస్సా! పదండి, దర్శనం చేసుకుందాం" అంటూ బయల్దేరారు రాజుగారు. వెనకే బంగారు పాదం పళ్ళెంలో పెట్టుకుని కంసాలి, హంసని ఎత్తుకుని నేను.

ఆచార్యుల వారి తపస్సు పెరట్లో జరుగుతోంది. మెత్తటి ఎండుగడ్డి మీద కూర్చుని, కాళ్ళు రెండూ గంగాళంలో పెట్టుకుని ఉన్నారు. పైన ఆవిరి. పక్కన ఆయన భార్య ఆండాళమ్మ గారు.

"ఆ పొక్కు గిల్లకండంటే వినరేం! గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో కాసేపు నాననివ్వండి. తర్వాత తడి లేకుండా తుడుచుకుని, పసుపు పెట్టి, మెత్తటి గుడ్డ కట్టుకోవాలి. పూటపూటా ఇదే. తగ్గేదాకా ఆ రాళ్ళ మీద కాలు పెట్టారో, చూడండి!"

"మరి భస్మం..." గొణిగారు ఆచార్యుల వారు.

"ఆ బూడిద అంట్లకి బావుంటుంది."

అంతలో రాజుగారు దగ్గారు. ఆచార్యుల వారు గంగాళంలోనే లేచి నిలబడబోయి, అమ్మా అని మళ్ళీ గడ్డి మీద కూలబడ్డారు. కాళ్ళు రెండూ గంగాళం బయటికొచ్చాయి.

"ఏమిటిది ఆచార్యా?"

"త... తపస్సు దేవరా."

నేను వంగి ఆయన పాదం కింద చూశాను. అదే ఎరుపు, అదే వాపు. లేచి చేతులు కట్టుకున్నాను.

"ప్రభూ, కంసాలి ఎలాగూ వచ్చాడు. ముందు ఆచార్యుల వారి పాదాలకి కొలతలు తీసుకోమందామా?"

ఆచార్యుల వారు రెండు కాళ్ళూ గభాలున గడ్డిలో దాచేసుకున్నారు.

"వద్దు దేవరా, వద్దు! ఉప్పునీళ్ళు చాలు! గడ్డి చాలు! ఆ రాళ్ళు మాత్రం వద్దు!"

"ఎవరికయ్యా?"

"ఇద్దరికీ!"

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. కంసాలి నవ్వాడు, ఆండాళమ్మ గారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. హంస కూడా ఏదో అంది. ఆ నవ్వులోనే మూడు ఆజ్ఞలు వెలువడ్డాయి. బాట మీద రాళ్ళు పీకించెయ్యాలి. హంస పాదానికి ఆండాళమ్మ గారి వైద్యం జరగాలి. బంగారు పాదం కరిగించి ఆవిడకి గాజులు చేయించాలి.

తర్వాత రాజుగారు తమ శాలువా తీసి నా భుజాన కప్పారు.

"ఒరే సింగన్నా, వైద్యుడి చేతే అసలు వైద్యం చేయించి చూపించావు! ఈ ఉప్పునీళ్ళ సంగతి నీకు మొదటి నుంచీ తెలుసు కదూ?"

తెలుసంటే ఇంకో శాలువా వచ్చేదేమో. కానీ చంకలో అది నన్నే చూస్తోంది.

"లేదు ప్రభూ. ఆచార్యుల వారు కుంటుతుంటే చూద్దామని సరదాపడ్డాను, అంతే. నాకు తెలిసిన వైద్యం వేరే. ఈ మూడు రోజులూ గుప్పెడు ఉప్పు దీని చుట్టూ మూడుసార్లు తిప్పి, దిష్టి తీసి... ఆ ఉప్పుని నీళ్ళలో పారబోస్తున్నాను."