డెబ్బైమూడు తేడాల తాటాకు

"కొండ దిగిన నల్లమబ్బా, గున్నగున్న నడిచే మబ్బా..." తర్వాతి మాటలు మరిచిపోయాను. చిన్నప్పుడు కోట ఏనుగులకు మేత కలుపుతూ పాడుకునేదాన్ని.

మా మడుగుదుర్గంలో ఏనుగులకు ఆజ్ఞలిచ్చే భాషలు రెండుండేవి. పెద్దది గజశాసనం. వెయ్యి ఆజ్ఞలు, అన్నీ ఆస్థాన పండితులు సోమయాజిగారికి కంఠతా వచ్చు. చిన్నది కొత్త మావటుల కోసం ఓబన్న తన బడిలో నేర్పేది. నలభై ఆజ్ఞలే. ఓబన్న కొలువులో మాటకారి. నడివయసులో నేను అక్షరాలు దిద్దుకున్నదీ ఆ బడిలోనే.

ఒకనాడు రాజ్యానికి ఒక్క భాష చాలదా అని రాజుగారికి తోచింది. సోమయాజిగారు వెంటనే తాటాకు విప్పి, చిన్నభాష శాసనానికి డెబ్బైమూడు చోట్ల తేడాగా ఉందని చదివారు. జవాబు చెప్పలేకపోతే బడి మూసేయమన్నారు రాజుగారు. అప్పటికి నాకింకా ఒత్తులు రాలేదు.

ఓబన్న తేడాలన్నీ ఒప్పుకున్నాడు. ఆజ్ఞ సగంలో ఆగిపోతే ఏనుగు ఏం చెయ్యాలని మాత్రం అడిగాడు. చిన్నభాషలో అయితే తొండమెత్తి నిలబడిపోతుంది.

"శాసనం ప్రకారం ఏనుగు ఇష్టం," అన్నారు సోమయాజిగారు. "అది గ్రంథం తప్పు కాదు, సగం పలికినవాడి తప్పు."

"అయితే తమరే ఎక్కి చూపించండి."

రెండు భాషలూ వచ్చిన ఏనుగును తెచ్చారు. సోమయాజిగారు ఏనుగెక్కడం అదే మొదలు. నడవమన్నారు, నడిచింది. ఆపాలంటే శాసనంలో ఏడు మాటలు పలకాలి. మూడో మాట దగ్గర కుదుపుకు నాలుక కరుచుకున్నారు.

ఏనుగు తిన్నగా వంటశాలకు వెళ్లి, పానకం కాగులో తొండం ముంచి, సగం తాగి సగం వీపు మీద చల్లుకుంది. వీపు మీద ఉన్నది సోమయాజిగారు. ఆపైన రాజుగారి పందిరి వైపు తిరిగింది. ఆయన కాళ్లు రెండూ గద్దె మీదికి ముడుచుకున్నారు.

"ఓబన్నా, ఆపవయ్యా," అన్నారు సోమయాజిగారు పైనుంచి.

"ఏ భాషలోనండీ?"

"చిన్నదాంట్లో, నాయనా, చిన్నదాంట్లో."

ఓబన్న ఒక్క మాటన్నాడు. ఏనుగు ఆగింది. రాజుగారు కాళ్లు దించి, కడుపు పట్టుకుని నవ్వారు. బడి ఉంటుందన్నారు, ఇంకేం కావాలో కోరుకోమన్నారు.

ఓబన్న మాన్యాలు అడగలేదు. ఆ తాటాకు ఇప్పించమన్నాడు. చిన్నది ముగించి పెద్దదానికి వెళ్లేవాళ్లకు కావలసింది అదే కదా అన్నాడు. సోమయాజిగారు పానకం ఓడుతూనే బొడ్లోంచి తీసి ఇచ్చారు.

ఓబన్న దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"పోలమ్మక్కా, మన బడికి ఆఖరి పాఠం సోమయాజిగారే రాసిపెట్టారు. పానకం జిగురు కడిగి చదువు."