గదికో రవ్వ వెలుగు

ఒకప్పుడు పుట్టగొడుగుకి చీకటేదో వెలుగేదో తెలిసేది కాదు. మట్టికింద, చెదపురుగుల ఇంట్లో, తెల్లటి దారాల్లా అల్లుకుని ఉండేవాడు. చెదలన్నీ వాణ్ణి గొడుగోడు అని పిలిచేవి.

వాన పడిందంటే చాలు, పైకి పోదామని వాడికి ఒకటే ఉబలాటం. కానీ ఎంతదాకా వచ్చాడో తెలిసేది కాదు. బయటికొచ్చేశాననుకుని దారిమధ్యలోనే గొడుగు విప్పేసేవాడు. ఇంకేముంది, ఇంటికప్పు ధబీమని కూలేది. వాననీళ్ళు బొళబొళా లోపలికొచ్చేవి.

ఆ ఇంటికి పెద్ద చెదలవ్వ. పాపం, ఆమెకీ కళ్ళు లేవు. తడిసిన పిల్లల్ని తడుముకుంటూ నోట కరిచి, పొడిచోటికి మోస్తూ, "ఒరే గొడుగోడా, ఇంట్లో గొడుగు విప్పేవాడు లోకంలో నువ్వొక్కడివే," అంది.

"బయటికొచ్చాననుకున్నానవ్వా."

"పోయిన వానకీ ఇదే మాట. ఇంకొక్కసారి కప్పు కూలితే ఈ పసివాళ్ళు బతకరు. నిన్ను పీకి అవతల పడేస్తాను, ఏమనుకోకు."

గొడుగోడు చెదలు తెచ్చిపెట్టే ఆకుల పొడి తిని బతికేవాడు. ఆ ఇల్లు దాటితే వాడికి కూడెక్కడిది?

అటుగా పోతున్న వానపాము ఆ మాట విన్నది. "కొండమీద వేకువమ్మ అందరికీ కళ్ళు పంచుతోందిరా. పోయి తెచ్చుకో."

"నువ్వు తెచ్చుకోలేదేం మామా?"

"మట్టిలో చూడ్డానికేముందిరా, మట్టి తప్ప," అని వానపాము తన దారిన పోయింది.

గొడుగోడికి కాళ్ళు లేవు. దారానికి దారం పేనుకుంటూ, వేళ్ళ సందుల్లోంచి పాక్కుంటూ కొండెక్కాడు. చేరేసరికి పంపకం అయిపోయింది. సాలీడమ్మ ఎనిమిది కళ్ళు పెట్టుకుని మురిసిపోతోంది.

"ఎనిమిదెందుకు పిన్నీ? నాకొకటివ్వవూ?"

"ఇంటిచుట్టూ చూసుకోను నాలుగు, వంట చూసుకోను రెండు, వచ్చేపోయే ఈగల్ని పలకరించను రెండు. మిగిలితే కబురు పెడతాలే నాయనా." చెప్తూనే చెట్టెక్కేసింది.

వేకువమ్మ ఖాళీ చేట తిరగేసి తట్టింది. చిటికెడు నీలంపొడి రాలింది.

"ఆకాశాన్ని చెక్కి కళ్ళు చేశానురా. ఇది ఆ రాలిన పొట్టు. దీంతో ఒక్క కన్ను కూడా కాదే," అంది జాలిగా.

గొడుగోడు ఆలోచించాడు. వాడి ఒళ్ళంతా తేనెపట్టులా చిన్నచిన్న గదులు. కంటికి ఆననంత చిన్నవి.

"కన్ను కాకపోతే పోనీ అమ్మా. గదికో రవ్వ చల్లు."

"అలా చల్లితే చెట్టు కనపడదు, పిట్ట కనపడదు. నా మొహమూ కనపడదు. నేనొచ్చానని తెలుస్తుంది, అంతే."

"నాక్కావలసింది అదేనమ్మా."

వేకువమ్మ నవ్వుతూ చల్లింది. ఒక్కో రవ్వా ఒక్కో గదిలో పడుతుంటే గొడుగోడికి ఒళ్ళంతా చక్కిలిగింతలు.

గొడుగోడు ఇల్లు చేరేసరికి మళ్ళీ ఉరిమింది. చెదలవ్వ పిల్లల్ని ఒక మూలకి చేర్చి, వాళ్ళమీద వంగి నిలబడింది. గొడుగోడు గొడుగు ముడుచుకుని పైకి బయల్దేరాడు. విప్పేద్దామని ప్రాణం కొట్టుకుపోతోంది.

"వచ్చామా?" అడిగాడు.

"ఇంకా చీకటే," అన్నాయి గదులు.

ఇంకాస్త తోశాడు. మట్టి పెళ్ళ లేచింది. కొసన ఉన్న గది గిలిగింతపడి, "వెలుగొచ్చిందర్రా," అని కిందిగదికి చెప్పింది. అది దాని కిందిదానికి చెప్పింది. పెళ్ళికబురులా ఆ మాట ఒళ్ళంతా పాకింది. అప్పుడు విప్పాడు గొడుగు, నిండుగా, తీరిగ్గా.

కింద చెదలవ్వ కాచుకునే ఉంది. కప్పు కూలలేదు. పైన టపటపా చప్పుడు. పిల్లల్ని తడిమింది. పొడిగా ఉన్నారు.

"వాన పడుతోందట్రా?"

"కుండపోతవ్వా."

"మరి మాకు చుక్కైనా రాదేం?"

"నేను పైకొచ్చిన కంతమీద నా గొడుగుందిగా," అని మురిపెంగా చెప్పుకున్నాడు గొడుగోడు.

అవ్వ పిల్లల్ని మూలనుంచి ఇవతలికి జరిపింది. "రేపు నీకు మంచి ఆకు చూసి తెస్తాలే," అంది.

అప్పటినుంచే పుట్టగొడుగు మట్టిలో ఉన్నంతసేపూ గొడుగు ముడుచుకుంటుంది, వెలుగు తగిలాకే విప్పుతుంది. మీరు వంగి చూస్తే మీ మొహం దానికి కనపడదు. కానీ ఎవరో వచ్చి నీడ వేశారని, లోపలి గదులన్నిటికీ తెలిసిపోతుంది.