లారీ చాటున ఆగిన గాలి

వన్నూరప్ప స్వామిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన మొదట చేసే పని లేచి వెళ్ళి బండి టైర్లు తట్టి చూడడం. జవాబు తెలియక తప్పించుకుంటున్నారని కొత్తవాళ్ళు అనుకుంటారు. పాతవాళ్ళం మేమూ అప్పుడప్పుడు అలాగే అనుకునేవాళ్ళం గాని, పైకి అనేవాళ్ళం కాదు.

స్వామి బోధించేది అచలం. కదలని బయలు ఒక్కటే నిజం, కదిలేదంతా వట్టిదే అంటుంది ఆ మార్గం. అంత మాట చెప్పే మనిషికి ఇల్లు మాత్రం చక్రాల మీద ఉండేది. శిష్యులు ఒక పాత స్కూలు బస్సు సంపాదించి, సీట్లు పీకేసి, లోపల రెండు మంచాలు, గ్యాసు పొయ్యి, నీళ్ళ తొట్టి, పుస్తకాల అర అమర్చి ఇచ్చారు. గురువు కాకముందు ముప్పై ఏళ్ళు లారీ తోలిన మనిషికి మఠం కట్టిస్తే ఊపిరాడదని వాళ్ళకు తెలుసు. "కదలనిది చెప్పే సామికి ఊరూరా తిరిగే ఇల్లేందప్పా?" అని జనం ఎకసెక్కాలాడితే స్వామి వాళ్ళతో కలిసి నవ్వేవారు. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన అయ్యవారిని నేను. ఎకసెక్కమంటే ఒళ్ళు మండుతుంది. పైగా ఆ బస్సులో వంటపని నాది.

మోకాళ్ళు అరిగాక స్వామి తోలడం మానుకున్నారు. ఆ ఆషాఢంలో బండి తోలుతున్నవాడు ధర్మవరం నేతగాడు చింతలరాయుడు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, పనిలో నేర్పరి, మాటలో పొదుపరి. ఆ ఆదివారం మేము గుత్తి నుంచి పెనుకొండకు పోవాలి. అక్కడ సత్సంగం, అది ముగిశాక అందరికీ ఒకే పంక్తిలో భోజనం. స్వామి కూటాల్లో కులం అడిగే ఆచారం లేదు. ఎవరి పక్కన ఎవరైనా కూర్చోవచ్చు.

ఆ పంక్తి దగ్గరే రాయుడి బతుకులో ముల్లు విరిగింది. పదకొండేళ్ళ కిందట వాళ్ళమ్మ పోయింది. పెద్దదినం నాడు బంధువులంతా కూర్చోబోతుంటే అన్న రంగనాయకులు లేచి, "వాడు ఆ సామి కాడ కనపడినోళ్ళందరితో కలిసి తినొచ్చినాడు. వానికి ఆకు బయటెయ్యండి" అన్నాడు. కన్నతల్లి పేరు మీద పెట్టిన అన్నం వీధి అరుగు మీద ఒక్కడే కూర్చుని తినమన్నారు. రాయుడు ముద్ద ముట్టకుండా లేచి వచ్చేశాడు. అప్పటినుంచి ఒకే ఊళ్ళో, రెండు వీధుల అవతలే ఉంటూ, అన్న గడప తొక్కలేదు. దారిలో అన్న ఎదురైతే సందు మారిపోయేవాడు.

ఇప్పుడు ఆ అన్నే మనిషి చేత కబురు పంపాడు. ఆదివారం పెనుకొండకు వస్తాడట. స్వామి పంక్తిలో తమ్ముడి పక్కన కూర్చుని తింటాడట. తమ్ముడు కూర్చోనిస్తాడో లేదో కనుక్కోమన్నాడట.

పొద్దున బండి మీదికి వంట గుండిగలు ఎక్కించి కడుతూ, రాయుడు పైనుంచే స్వామిని అడిగాడు.

"సామీ, మా యన్న వస్తే నేను బండి దిగను. ఈ పదకొండేండ్లూ అంగుళం కదల్లేదు నేను. కదలకుండా ఉండాలనే కదా మీరు చెప్పేది? మరి నాది అచలం కాదా?"

సగం ప్రశ్న, సగం సవాలు. నిజం చెప్పొద్దూ, నా మనసు రాయుడి పక్షమే. ఆనాడు పెద్దదినానికి వెళ్ళి, ఆ అరుగు మీద వేసిన ఆకును నేను కళ్ళారా చూశాను. 'కాదంటే ఎట్ల సామీ' అని నేనూ లోపల వకాల్తా పుచ్చుకున్నాను.

స్వామి వెళ్ళి ఆరు టైర్లూ తట్టి చూశారు. ఆ తర్వాత తలెత్తి, టాపు మీద రాయుడు కట్టిన గుండిగల వైపు చూసి, "అవి దించి లోపల పెట్టండప్పా. గాలి రోజులు. బరువు కాళ్ళకాడ ఉండాల, నెత్తిన గాదు" అన్నారు. మేము గొణుక్కుంటూనే గుండిగలు దించి లోపల నేల మీద పెట్టాం. వాటి మధ్య కాళ్ళు ముడుచుకుని కూర్చోవడం నా వంతైంది.

అనంతపురం దాటాక గాలి అందుకుంది. ఆ సీమ ఆషాఢపు గాలి చూడనివాళ్ళకు చెబితే అతిశయోక్తి అంటారు. దూరాన గుట్టల మీద గాలిమరలు తెరిపి లేకుండా తిరుగుతున్నాయి. మేము దక్షిణంగా పోతున్నాం, గాలి పడమట నుంచి, అంటే మా కుడి పక్క నుంచి కొడుతోంది. మా బస్సా, ఎత్తుగా అడ్డగోడలా ఉంటుంది. గాలి దాన్ని ఎడమకు, రోడ్డు పక్క గుంతలోకి నెడుతూ ఉంది. అందుకని రాయుడు స్టీరింగును కాస్త కుడికి తిప్పి బిగబట్టాడు. అలా బిగబడితేనే బండి తిన్నగా పోతోంది. అరగంట, ముప్పావుగంట అదే పట్టు. ముంజేతుల నరాలు ఉబ్బి కనిపిస్తున్నాయి. "నిమ్మళంగా పోనీ" అని రాయుడి పక్కనే కూర్చున్న స్వామి ఒకసారి అన్నారు. వేగం నలభై దాటలేదు.

అంతలో వెనక హారను. మమ్మల్ని దాటడానికి కంటైనరు లారీ ఒకటి కుడిపక్క నుంచి వస్తోంది. ముందు దాని ముక్కు తోసిన గాలి మమ్మల్ని ఇంకాస్త ఎడమకు నెట్టింది. రాయుడు పళ్ళు కరిచి స్టీరింగు ఇంకాస్త కుడికి తిప్పాడు. మరుక్షణం ఆ పెద్ద ఇనప్పెట్టె మొత్తం గాలికీ మాకూ మధ్య అడ్డంగా నిలిచింది. అనంతపురం నుంచి గడగడలాడుతున్న కిటికీలు ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. హమ్మయ్య అనుకున్నాను నేను, బుద్ధి లేక.

ఆ నిశ్శబ్దంలో మా బస్సు కుడికి ఎగిరింది. నేరుగా లారీ మీదికి. కంటైనరు రేకు మీది తుప్పు మరకలు కిటికీలోంచి చెయ్యి చాస్తే అందేంత దగ్గరకొచ్చాయి. నేను కేకేశాను. ఏమని వేశానో ఇక్కడ రాయను, వయసుకు తగిన మాట కాదది.

స్వామి కేక వెయ్యలేదు. రాయుడి ముంజేతి మీద చెయ్యి వేసి, "గాలి లేదు నాయనా. పట్టు సడలియ్యి" అన్నారు.

రాయుడు సడలించాడు. బండి తనంత తానే జానెడు ఎడమకు జరిగి తిన్నబడింది. లారీ దాటిపోయింది. దాటగానే గాలి మళ్ళీ చెంపదెబ్బ కొట్టినట్టు తగిలింది, రాయుడు మళ్ళీ పట్టుకున్నాడు. నాలుగు ఫర్లాంగులు పోయాక బండిని రోడ్డు పక్కకు తీసి ఆపాడు.

"గాలి తోసేసింది సామీ" అన్నాడు.

"గాలి తోసేది ఎడమకు గదా? మనం పోయింది కుడికి."

లెక్కల అయ్యవారినైన నాకే ఆ మాట అందడానికి కొంతసేపు పట్టింది. రాయుడు రోడ్డు వంకే చూస్తూ, తనలో తాను చెప్పుకున్నట్టు, "లారీ అడ్డమొచ్చి గాలి ఆగిపోయింది. నా చెయ్యి ఆగలేదు" అన్నాడు.

స్వామి నా వైపు తిరిగి మజ్జిగ ఉంటే పొయ్యమన్నారు. పోశాను గాని నా కడుపులో మంట చల్లారలేదు. అడిగేశాను. "అట్లయితే గాలికి ఎదురు పట్టేది తప్పంటారా సామీ? ఆ పొద్దు వీని ఆకు బయటేసింది తప్పు గాదా?"

"తప్పే" అన్నారు స్వామి, గ్లాసు దించకుండా. "గాలుండేంతసేపూ ఎదురు పట్టాల్సిందే. లేకుంటే గుంతలో పడి ఉందుము."

నేను ఇంకో మాట అడగబోతే గ్లాసు నా చేతికిచ్చారు. బండి కదిలింది. పెనుకొండ చేరేలోపల ఇంకా ఐదు లారీలు మమ్మల్ని దాటాయి. రాయుడు ప్రతిసారీ వేగం తగ్గించి, ఎడమ అంచుకు కాస్త జరిగి, లారీ పక్కకు రాగానే పట్టు వదులు చేశాడు. మొదటిదానికి నేను కళ్ళు మూసుకున్నాను. ఐదోదానికి కునుకు పట్టింది.

పెనుకొండలో కొండ కింద ఖాళీ స్థలంలో జనం చేరుతున్నారు. రంగనాయకులు అప్పటికే వచ్చి ఉన్నాడు. ఎంత మారిపోయాడు! ఒకప్పుడు వీధిలో నడుస్తుంటే మగ్గాల చప్పుడు ఆగేది. ఇప్పుడు చొక్కా లోపల మనిషి ఉన్నాడా అన్నట్టు ఉన్నాడు. ఎవర్నీ కుర్చీ అడగలేదట, మధ్యాహ్నం నుంచీ నిలబడే ఉన్నాడట.

రాయుడు ఇంజను ఆపాడు. దిగలేదు. గుండిగలు తలుపు దాకా అందించాడు గాని మెట్టు మీద కాలు పెట్టలేదు. అన్నం ఉడికింది, పప్పు ఉడికింది, తత్వాలు పాడడం అయిపోయింది, రాయుడు బండిలోనే. స్వామి ఒక్కసారైనా పిలుస్తారని ఎదురుచూశాను. పిలవలేదు. ఆ మొండితనం మీద, ఈ మౌనం మీద, రెండింటి మీదా నాకు కోపం వచ్చింది.

పొద్దు వాలుతుండగా పంక్తి తీర్చారు. రంగనాయకులు ఆకులు వేసేవాళ్ళ దగ్గర రెండు ఆకులు అడిగి తీసుకున్నాడు. పంక్తి నడిమధ్యన, దూదేకుల హుసేనప్పకూ చెప్పులు కుట్టే మారెప్పకూ మధ్య, రెండూ పక్కపక్కన పరిచాడు. ఒకదాని ముందు తాను కూర్చుని, రెండోది గాలికి లేచిపోకుండా అరచేత్తో అదిమి పట్టుకున్నాడు. నేను అన్నం వడ్డిస్తూ వచ్చాను. ఆయన ముట్టలేదు. చుట్టూ అందరూ తింటున్నారు.

బండి వైపు చూశాను. ఆగిన బండిలో రాయుడు స్టీరింగు బిగబట్టుకుని కూర్చున్నాడు. అద్దంలోంచి అన్న చేతినే చూస్తున్నాడు. ఎంతసేపో తెలియదు. ఉన్నట్టుండి తన చేతుల వైపు చూసుకున్నాడు. ఒక్కో వేలే విప్పినట్టు విప్పాడు. దిగి వచ్చాడు.

వచ్చి ఆ ఖాళీ ఆకు ముందు కూర్చున్నాడు. రంగనాయకులు చెయ్యి తీసేశాడు. "ఆ పొద్దు నేను..." అన్నాడు.

"తినన్నా, సల్లారిపోతాది" అన్నాడు రాయుడు.

పప్పు గరిటె పట్టుకుని నేను ఏడ్చాను. దాచుకోవడం ఎందుకు, బాగా ఏడ్చాను. ఏడుపు ఆగాక మళ్ళీ నా బుద్ధి నాకొచ్చి, స్వామి పక్కన చేరి అడిగాను. "సామీ, పదకొండేండ్లు కదలనోడు ఈ పొద్దు కదిలినాడు. మరి వాని అచలం ఏమైనట్టు?"

స్వామి అన్నదమ్ముల వైపు చూస్తూ అన్నారు: "అది అచలమో ఏమో నాకు తెల్దప్పా. బండి మాత్రం దోవలో ఉంది."