వడియాల కాపలాకి వచ్చిన తుపాకీ

ప్రభుదాసు మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏం అడిగినా అవుననీ చెప్పరు, కాదనీ చెప్పరు. ముందు కుండలో నీళ్ళు తాగి రమ్మంటారు. అడిగినవాడు నీళ్ళు తాగి వచ్చేలోగా ఆ ప్రశ్నకు సరిపోయే మనిషినొకణ్ణి జ్ఞాపకం చేసుకుని, ఆ మనిషికి జరిగిన సంగతి చెప్పడం మొదలుపెడతారు. సంగతి అయిపోతే జవాబు అయిపోయినట్టే. అర్థం కాలేదని ఎవరైనా అంటే మళ్ళీ నీళ్ళు తాగి రమ్మంటారు. అందుచేత ఆయన శిష్యుల్లో చాలామంది అర్థమయినట్టు తల ఊపడం ముందుగా నేర్చుకున్నారు.

మార్కాపురం అవతల, పలకరాయి తవ్వడం మానేసిన పాత గని ఒకటి ఉంది. సైన్యంలో హవల్దారుగా చేసి, తర్వాత బడిలో డ్రిల్లు మాస్టారుగా రిటైరయిన ఆయన ఆదివారాలు ఆ గనిలో కుర్రకారుకి ఎయిర్‌సాఫ్ట్ ఆట నేర్పేవారు. ఎయిర్‌సాఫ్ట్ తుపాకీ అంటే చిన్న చిన్న ప్లాస్టిక్ గుళ్ళు పేల్చేది. ప్రాణం తియ్యదు గాని కన్ను తియ్యగలదు. చూపుకి మాత్రం అసలు తుపాకీకి కవలపిల్ల.

ఒక ఆదివారం, కొత్తగా చేరిన లోహిత్ అనే డిగ్రీ కుర్రవాడు ఫోను పట్టుకుని మాస్టారి దగ్గరికొచ్చాడు. ఫోనులో రెండు తుపాకుల బొమ్మలున్నాయి.

"సార్, మొదటిసారి కొనేవాడు ఏది కొంటే మంచిది? పొడుగుదా, పొట్టిదా?"

మాస్టారు ఫోను వంక చూడనైనా చూడలేదు. "నీళ్ళు తాగి రా," అన్నారు. లోహిత్ తాగి వచ్చాడు. మాస్టారు రాతి దిమ్మ మీద కూర్చుని చెప్పిన సంగతి ఇది.

పలకల వ్యాపారం చేసే ఇంట్లో భార్గవ అనే కుర్రవాడు ఉండేవాడు. మాస్టారిది కూడా ఆ వీధే. గనికి రెండు మూడు వారాలు వచ్చాడో లేదో, సొంత తుపాకీ కావాలన్నాడు. కొన్నాళ్ళు తన పాత పిస్తోలుతోనే ఆడమని మాస్టారు చెప్పారు. చెయ్యి కుదిరాక కొనుక్కోవచ్చు, ముందు కళ్ళకు గట్టి అద్దాలు కొనుక్కో, ఇలాంటివి ఇంట్లో పెట్టుకోవడానికి నియమాలేమిటో స్టేషన్లో ఒక మాట కనుక్కో అన్నారు. భార్గవ అన్నిటికీ తల ఊపాడు. తల ఊపడంలో అతను అప్పటికే ఆరితేరాడు. ఇంటికెళ్ళి, దొరికిన వాటిల్లో అన్నిటికన్నా పొడుగ్గా, నల్లగా, భయంకరంగా ఉన్నదాన్ని తెప్పించుకున్నాడు. ఉన్నదంతా దానికే అయిపోవడంతో కళ్ళద్దాల సంగతి మళ్ళీ చూద్దాంలే అనుకున్నాడు.

పెట్టె విప్పాక అతనికి ఒక్కటే లోపం కనబడింది. గొట్టం మూతి నారింజరంగులో ఉంది. ఇది అసలుది కాదని చూసేవాళ్ళకి తెలియడానికి పెట్టిన గుర్తు అది. భార్గవకి అది నామోషీగా తోచింది. పెళ్ళికొడుక్కి జలుబు చేసి ముక్కు ఎర్రబడినట్టు ఉందన్నాడు. వంటింట్లో మిక్సీ వైరుకి చుట్టగా మిగిలిన నల్ల టేపు తెచ్చి ఆ మూతికి శుభ్రంగా చుట్టేశాడు. అప్పుడు దానికి నిండుదనం వచ్చింది. వాళ్ళ నాన్న నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, తుపాకీ గుండెలకు ఆనించి, కడుపునొప్పి వచ్చినవాడిలా ముఖం బిగించి ఫోటో తీసుకున్నాడు.

ఇంత గొప్ప ఆయుధానికి మొట్టమొదట దొరికిన ఉద్యోగం వడియాల కాపలా. వాళ్ళ నాయనమ్మ సుబ్బరత్నమ్మగారు ఆ ఉదయం మేడ మీద చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టింది. ఆ వీధికి నల్లమల అడవి నుంచి కోతులు మందలుగా వస్తాయి.

"ఒరేయ్, ఆ తుపాకేదో కొన్నావుగా. ఊరికే అద్దం ముందు నిలబడకపోతే పైకెళ్ళి వడియాల దగ్గర కూర్చోరాదూ," అంది.

భార్గవ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని మేడెక్కాడు. తుపాకీలో గుళ్ళు నిండా నింపాడు. లాకు తీసి పెట్టుకున్నాడు, సమయానికి ఆలస్యం కాకూడదని. కుర్చీ వేసుకుని, తుపాకీ ఒళ్ళో పెట్టుకుని, సరిహద్దు చూస్తున్న జవానులా నలువైపులా చూడసాగాడు.

ఎదురింట్లో కోర్టు గుమస్తాగా రిటైరయిన కోటయ్యగారు ఉంటారు. ఆయన కిటికీలోంచి చూసేసరికి ఎదురుమేడ మీద నల్లకళ్ళద్దాల మనిషి, చేతిలో మిషన్ గన్ను. ఆయన కిటికీ మూసి, మంచం కింద దూరి, అక్కణ్ణుంచి స్టేషన్‌కి ఫోను చేశారు.

ఇక్కడ మేడ మీదికి మొదటి కోతి రానే వచ్చింది. భార్గవ లేచి గురి పెట్టాడు. కోతి ఒక వడియం తీసుకుంది. గొట్టంలోకి చూస్తూ తీరిగ్గా నమిలింది. అది నచ్చినట్టుంది, ఇంకొకటి తీసుకుంది. భార్గవ వేలు కదల్లేదు. దాని కళ్ళలోకి చూస్తూ పేల్చడానికి మనసొప్పలేదు. ఆ రోజు మొత్తం మీద వాడు చేసిన మంచిపని అదొక్కటేనని మాస్టారు ఇప్పటికీ అంటారు. తుపాకీని పిట్టగోడకి ఆనించి, కర్ర తెద్దామని కిందికి దిగాడు.

కోతికి కొబ్బరికాయ దొరికితే ఏమవుతుందో మన పెద్దలు చెప్పారు. తుపాకీ దొరికితే ఏమవుతుందో చెప్పలేదు. పాపం, వాళ్ళకి అంత దూరం ఆలోచన పోలేదు.

ఎస్సై గౌస్ బాషా జీపు దిగేసరికి వీధిలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. పిట్టగోడ మీంచి నల్లటి గొట్టం ఒకటి వీధివైపు ఆడుతోంది. పట్టుకున్నవాడు గోడ చాటున ఉన్నాడు. ఎస్సై తన పిస్తోలు తీసి, జీపు చాటున నిలబడి మైకులో అరిచాడు.

"మేడ మీదున్న నువ్వు! ఆయుధం పక్కన పడేసి, చేతులు పైకెత్తి లేచి నిలబడు!"

ఉన్నవాడు లేచి నిలబడ్డాడు. తోక కూడా పైకెత్తాడు.

 జీపు చాటునే ఉన్న కానిస్టేబులు మెల్లగా, "సార్, లొంగేలా లేడు," అన్నాడు.

మైకు మోతకి బెదిరిన కోతి తుపాకీని ఇంకా గట్టిగా వాటేసుకుంది. దాని వేలు ఎక్కడ పడకూడదో అక్కడ పడింది. టకటకమంటూ గుళ్ళ వాన కురిసింది. జీపు బానెట్టు మీద, కోటయ్యగారి రేకుల మీద, ఎండబెట్టిన ఇత్తడి బిందెల మీద మోత పుట్టింది. పోలీసులందరూ నేలమీద బోర్లా పడుకున్నారు. కోటయ్యగారు మంచం కిందనే ఉన్నారు కాబట్టి కొత్తగా పడుకోవలసిన అవసరం లేకపోయింది. ఎస్సై ముక్కు దగ్గరికి తెల్లటి గుండు ఒకటి దొర్లుకుంటూ వచ్చింది. చూస్తే సగ్గుబియ్యం గింజలా ఉంది. ఇదేమి తూటారా బాబూ అని ఆయన అనుకునేలోపు, మేడ మీద కథ మారిపోయింది.

కర్ర పట్టుకుని పైకొచ్చిన భార్గవని చూసి కోతి తుపాకీతోనే వెనక్కి తిరిగింది. ఆ తిరగడంలో మరో నాలుగు గుళ్ళు పేలాయి. ఒకటి వచ్చి భార్గవ కనుబొమ్మ మీద తగిలింది. నాన్నగారి కళ్ళద్దాలు ఎప్పుడో నెత్తి మీదికి జారాయి. అవి కళ్ళ మీదున్నా ఫోటోకే తప్ప దేనికీ పనికొచ్చేవి కావు. కోతి తుపాకీ వదిలేసి పక్కమేడ మీదికి దూకింది. భార్గవ ఒక చేత్తో నుదురు పట్టుకుని, రెండో చేత్తో తుపాకీ అందుకుని, కింద పోలీసుల్ని చూశాడు. ఇది బొమ్మదని వాళ్ళకి చూపించాలనుకున్నాడు. చూపించడానికి దాన్ని ఎత్తాడు.

అంతవరకు నవ్వుతూ చెప్పిన మాస్టారు ఇక్కడ ఆగారు. తర్వాతి మాటలు మెల్లగా చెప్పారు.

ఎస్సై లేచి, జీపు మీద మోచేతులానించి, రెండు చేతులతో గురి పెట్టాడు. ఆయన చేతిలో ఉన్నది అసలుది. ఆయనకి కనిపించింది నల్లకళ్ళద్దాలు నెత్తిన పెట్టుకున్న యువకుడు, నెత్తురు కారుతున్న ముఖం, తనవైపు లేస్తున్న గొట్టం.

"కింద పెట్టు!"

"బొమ్మది సార్! ఇది బొమ్మది!"

"అందరూ అదే చెప్తారు. కింద పెట్టు!"

భార్గవకి మాట వినిపించింది. పెట్టాలనే అనుకున్నాడు. కాని చేతివేళ్ళు బిగుసుకుపోయాయి. ఎంత చెప్పినా విడవలేదు. ఎస్సై నుదుటి మీంచి చెమట కంట్లోకి దిగుతోంది. తుడుచుకోవడానికి ఆయనకి చెయ్యి ఖాళీ లేదు.

అప్పుడే మెట్లెక్కి సుబ్బరత్నమ్మగారు మేడ మీదికి వచ్చింది. ఆమెకి పోలీసులు కనబడలేదు. తుపాకీ కనబడలేదు. చీర నడిమధ్య, తెల్లారి లేచి పెట్టిన వడియాల్లో, మనవడి రెండు కాళ్ళు కనబడ్డాయి.

"ఓరి నీ దుంపతెగ! వడియాలు తొక్కుతూ నిలబడ్డావేందిరా! అది కింద పడేసి ఇవతలికి దిగు!"

ఎస్సై పిస్తోలుకి విడవని వేళ్ళు ఆ కేకకి విడిపోయాయి. తుపాకీ వడియాల మీద పడింది. భార్గవ కూడా వడియాల మీదే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఎస్సై పైకొచ్చి తుపాకీ తిప్పి చూశాడు. మూతికున్న టేపు గోటితో పీకాడు. లోపలి నారింజరంగు బయటపడింది. ఆయన దాని వంక చాలాసేపు చూసి, కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు అడిగాడు. సగం నీళ్ళు చొక్కా మీదే పోసుకున్నాడు. కబురందుకుని మాస్టారు వెళ్ళేసరికి ఆయన ఇంకా అలాగే ఉన్నాడు.

"మాస్టారూ, మా ఇంట్లోనూ ఈ ఈడు పిల్లాడున్నాడు. వీడేమో ఈ రంగు మీద టేపు చుట్టాడు. నేను ఇంకొక్క క్షణం..." అని మిగతా మాట నీళ్ళతో పాటు మింగేశాడు.

భార్గవ కనుబొమ్మ రేగుపండంత వాచింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ కుట్లు వేస్తూ, గుండు ఇంకొంచెం కిందికి తగిలి ఉంటే తన దగ్గర చేయడానికి ఏమీ ఉండేది కాదని చెప్పింది. ఎస్సై భార్గవని, వాళ్ళ నాన్నని కూర్చోబెట్టి చివాట్లు పెట్టి పంపాడు. తుపాకీని మాస్టారి ఇనప్పెట్టెలో పెట్టించాడు. ఆట ఆడేరోజు తప్ప అది బయటికి రాకూడదన్నాడు. కోటయ్యగారు మాత్రం సాయంత్రం దాకా మంచం కిందినుంచి రాలేదు. కోతి ఇంకా దొరకలేదు కదా అని ఆయన వాదన. సుబ్బరత్నమ్మగారు మర్నాడు మళ్ళీ వడియాలు పెట్టి, కోతులొస్తే మోగించడానికి చెంబూ గరిటే పుచ్చుకుని తనే కాపలా కూర్చుంది.

మాస్టారు చెప్పడం ముగించారు. లోహిత్ గని ముఖద్వారం వైపు చూశాడు. అక్కడ కనుబొమ్మ మీద గాటున్న ఒక యువకుడు, కళ్ళద్దాలు లేకుండా లోపలికి రాబోయిన ఇద్దరు పెద్దమనుషుల్ని ఆపి వెనక్కి పంపుతున్నాడు. వాళ్ళు కోప్పడుతున్నారు. అతను తొణకడం లేదు.

"భార్గవన్న అంటే ఆయనేనా సార్?"

మాస్టారు అవునన్లేదు, కాదన్లేదు.

లోహిత్ ఫోనులోని పొడుగు తుపాకీ వంక ఇంకొకసారి ఆశగా చూసుకున్నాడు. కాసేపు ఆలోచించి, దారి దొరికినవాడిలా ముఖం వెలిగించుకుని అన్నాడు.

"కాని సార్, మా వీధిలో కోతులు లేవండి."

మాస్టారు అతణ్ణి కిందినుంచి పైదాకా నిదానంగా చూశారు.

"నువ్వింకా కొనలేదు కదా," అన్నారు.